గ్రాము పద్దెనిమిది కిలోలయ్యే చోటు

కదలకుండా ఉన్నంతసేపూ గ్రాము గ్రామే. గిర్రున తిరిగే చోట మాత్రం దాని లెక్క మారిపోతుంది. ఇంజన్ లోపలి క్రాంక్ షాఫ్ట్‌కు, మధ్య గీత నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో, ఒక పక్కన ఒక్క గ్రాము ఎక్కువ బరువు ఉందనుకోండి. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు అది షాఫ్టును పక్కకు లాగే బలం 180 గ్రాముల బరువుతో సమానం. బేరింగ్ దాన్ని లెక్కే చేయదు. 6,000 చుట్ల దగ్గర అది 1.6 కిలోలవుతుంది. 9,000 దగ్గర 3.6 కిలోలు. 20,000 చుట్ల దగ్గర దాదాపు 18 కిలోలు. ఆ లాగుడు ఒకే దిక్కున కూడా ఉండదు. సెకనుకు 333 సార్లు షాఫ్టు చుట్టూ తిరిగొస్తూ బేరింగులను నలువైపులా బాదుతుంది.

వేగం రెట్టింపయితే లాగుడు నాలుగింతలవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదింతలు. రేసు ఇంజన్ల బ్యాలెన్సింగ్‌లో మనం వినే వింతలన్నీ ఈ ఒక్క సూత్రం నుంచి పుట్టినవే. రేసు ఇంజన్‌ను ఎంత కచ్చితంగా బ్యాలెన్స్ చేయాలని ఎవరైనా అడిగితే, ముందు అడగాల్సింది అది ఎంత వేగంతో తిరుగుతుందన్నదే.

ఇరవై వేల చుట్ల మొనగాళ్ళు

ఫార్ములా వన్ రేసులో 20,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అందుకున్న తొలి ఇంజన్ 2006 నాటి కాస్‌వర్త్ వీ8. ఘనపరిమాణం 2.4 లీటర్లు. సిలిండర్ వ్యాసం 98 మిల్లీమీటర్లు మించకూడదన్నది ఆనాటి నిబంధన. ఆ లెక్కన పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం నాలుగు సెంటీమీటర్ల లోపే. అంత కురచ నడకలోనూ పిస్టన్ పైకొస వద్ద ఆగి వెనక్కు మళ్ళే క్షణంలో దాని మీద పడే త్వరణం భూమ్యాకర్షణకు సుమారు పదివేల రెట్లు. అంటే పిస్టన్‌లోని ప్రతి గ్రామూ ఆ క్షణంలో కనెక్టింగ్ రాడ్‌ను పది కిలోల బరువై లాగుతుంది. ఆ తర్వాత రేసు నిబంధనలు పెట్టే సంస్థ ఎఫ్‌ఐఏ వేగానికి కళ్ళెం వేసింది. 2007లో 19,000, 2009లో 18,000 చుట్లను పరిమితిగా పెట్టింది. అందువల్ల 2006 నాటి ఆ అంకె ఫార్ములా వన్ చరిత్రలో శిఖరంలా మిగిలిపోయింది.

మోటార్ సైకిళ్ళు ఆ శిఖరాన్ని నలభై ఏళ్ళ ముందే చూసేశాయి. 1966లో లుయిజీ తవేరీకి 125 సీసీ ప్రపంచ టైటిల్ తెచ్చిపెట్టిన హోండా ఆర్‌సీ149లో ఐదు సిలిండర్లుండేవి. ఒక్కో సిలిండర్ 25 సీసీ. ఆ ఇంజన్ 20,000 దాటి తిరిగేది. 1966, 1967 రెండేళ్ళూ మైక్ హెయిల్‌వుడ్‌ను 250 సీసీ ఛాంపియన్‌గా నిలబెట్టిన హోండా ఆర్‌సీ166 ఆరు సిలిండర్ల యంత్రం. దాని వేగం 18,000. కంప్యూటర్ అందుబాటులో లేని రోజుల్లో ఇది ఎలా కుదిరింది? హోండా ఇంజనీర్లు పిస్టన్లను చిన్నవి చేసి, వాటి సంఖ్య పెంచారు. ఏ వస్తువునైనా అన్ని కొలతల్లో సగానికి తగ్గిస్తే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అక్కడ లాగే బరువే తక్కువ కాబట్టి వేగం దండిగా పెంచుకోవచ్చు. నన్నడిగితే బ్యాలెన్సింగ్ కథలో ఇంతకు మించిన తెలివి మరొకటి కనబడదు. బరువును సరితూచడం కన్నా ముందు, అసలు బరువే లేకుండా చేయడం.

జీ 0.4 నుంచి జీ 4000 దాకా

తిరిగే వస్తువులన్నింటికీ అంతర్జాతీయంగా ఒక గ్రేడుల పట్టిక ఉంది. చాలాకాలం ఐఎస్ఓ 1940 పేరుతో చలామణీ అయింది. గైరోస్కోపులకు జీ 0.4, గ్రైండింగ్ యంత్రాల డ్రైవులకు జీ 1, గ్యాస్ టర్బైన్లకు జీ 2.5, మామూలు యంత్రాలకు జీ 6.3, కారు చక్రాలకు జీ 40. ఓడల్లో మెల్లగా తిరిగే భారీ డీజిల్ ఇంజన్ల క్రాంకులకైతే జీ 4000 దాకా సడలింపు ఉంది. గ్రేడు అంకె ఎంత చిన్నదైతే పని అంత నాజూకు.

ఈ అంకెను చేతికందే కొలతగా మార్చి చూద్దాం. 20 కిలోల క్రాంక్ షాఫ్ట్, 9,000 ఆర్‌పీఎం, టర్బైన్లకు చెప్పిన జీ 2.5 గ్రేడు. లెక్క కడితే షాఫ్ట్ బరువు కేంద్రం, అది తిరిగే గీత నుంచి 2.65 మైక్రాన్లకు మించి పక్కకు జరగకూడదు. తల వెంట్రుక మందంలో పాతికో వంతు అన్నమాట. షాఫ్ట్ రెండు కొసల మధ్య ఈ తేడాను పంచి, కౌంటర్ వెయిట్ (క్రాంక్‌కు ఎదురు బరువుగా ఉండే దిమ్మ) మీద 75 మిల్లీమీటర్ల దూరంలో కొలిస్తే, ఒక్కో కొసన మిగిలిపోవచ్చని ఒప్పుకునే బరువు మూడో వంతు గ్రాము పైచిలుకు. అంత బరువు ఉక్కు తీసేయాలంటే 10 మిల్లీమీటర్ల డ్రిల్లుతో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ లోతు తొలిస్తే చాలు. మెకానిక్ చేయి ఒక్క రెప్పపాటు ఎక్కువసేపు నొక్కిందంటే గీత దాటిపోయినట్టే.

అదే గ్రేడు 20,000 చుట్ల ఇంజన్‌కు పెడితే 2.65 మైక్రాన్లు కాస్తా 1.2 మైక్రాన్లకు దిగుతుంది.

తూకపు బల్ల దగ్గర

ఈ పని చేసే యంత్రానికి కూడా చరిత్ర ఉంది. బ్యాలెన్సింగ్ యంత్రానికి తొలి పేటెంట్ 1870లో కెనడాకు చెందిన హెన్రీ మార్టిన్సన్‌ది. దాన్ని పరిశ్రమగా నిలబెట్టింది జర్మనీలోని డార్మ్‌స్టాట్ పట్టణపు షెంక్ కంపెనీ. లవాచెక్ అనే ఇంజనీరు రూపొందించిన యంత్రం హక్కులను అది 1908లో తీసుకుంది. ఈనాటికీ ఈ రంగంలో షెంక్ పేరు చెప్పుకుంటారు.

రేసు ఇంజన్లు కట్టే షాపులో అసలు పని ఆ యంత్రం కన్నా ముందే మొదలవుతుంది. ఎనిమిది పిస్టన్లను వరసగా తూస్తారు. అన్నింటిలోకీ తేలికైనదాన్ని పక్కన పెట్టి, మిగతా ఏడింటినీ దాని బరువుకు దించుతారు. పిస్టన్ లోపలి వైపు నుంచి, పిన్ కూర్చునే దిమ్మల దగ్గర సన్నగా చెక్కుతారు. రింగులు కూర్చునే భాగం జోలికి మాత్రం పోరు. కనెక్టింగ్ రాడ్ విషయానికొస్తే మొత్తం బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. రాడ్ పెద్ద కొస క్రాంక్‌తో పాటు గుండ్రంగా తిరుగుతుంది, చిన్న కొస పిస్టన్‌తో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. అందుకని ఒక కొసను ఊతం మీద ఆనించి, రాడ్‌ను సమతలంగా ఉంచి, రెండో కొసను త్రాసు మీద పెట్టి తూస్తారు. తర్వాత కొసలు మార్చి మళ్ళీ తూస్తారు. రెండు తూకాలూ కలిపితే రాడ్ మొత్తం బరువు రావాలి. రాలేదంటే రాడ్ ఎక్కడో ఒరిగి కూర్చుందని అర్థం, మళ్ళీ మొదటికి రావాల్సిందే. మంచి షాపులు ఈ తేడాలను ఒక్క గ్రాము లోపుకు తెస్తాయి. ఓపిక ఉన్నవాళ్ళు అర గ్రాముకు తెస్తారు.

ఇక క్రాంక్ షాఫ్ట్. అమెరికా పద్ధతి వీ8 ఇంజన్లలో రాడ్లు తగులుకునే క్రాంక్ పిన్నులు నాలుగూ నాలుగు దిక్కులకు ఉంటాయి. ఉత్త షాఫ్టును యంత్రం మీద తిప్పితే అది ఎప్పటికీ బ్యాలెన్స్ కాదు. ఎందుకంటే దాని కౌంటర్ వెయిట్లను పోతపోసిందే రాడ్లు, పిస్టన్ల బరువును మోయడానికి. అందుకని ప్రతి పిన్నుకూ ఉక్కు బిళ్ళలతో కూర్చిన ఒక నకిలీ బరువును బిగిస్తారు. దాన్నే బాబ్ వెయిట్ అంటారు. రాడ్ల పెద్ద కొసలు, బేరింగ్ చిప్పల బరువు పూర్తిగా లెక్కేసి, పిస్టన్, పిన్, రింగులు, చిన్న కొస బరువులో సరిగ్గా సగం కలిపితే ఆ అంకె వస్తుంది.

సగమే ఎందుకన్నది చాలామందికి అంతుపట్టని సంగతి. ఒకే పిన్ను మీద 90 డిగ్రీల కోణంలో రెండు పిస్టన్లు ఆడుతున్నప్పుడు, ఒకటి జోరుగా లాగే క్షణంలో రెండోది నెమ్మదిస్తుంది. రెండింటి లాగుడూ కలిపితే ఒక్క పిస్టన్ బరువు పిన్నుతో పాటు గుండ్రంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. రెండింటి బరువులో సగమంటే ఒకదాని బరువే కదా! ఈ సగం వాడుకగా వచ్చిన అంచనా అనుకునేవారున్నారు. 90 డిగ్రీల వీ ఇంజన్‌కు అది గణితం ఇచ్చిన కచ్చితమైన జవాబు. ఒంటి సిలిండర్ బైకుకు మాత్రం అలాంటి జవాబు లేదు. అక్కడ ఎంత శాతం పెట్టినా నిలువు కుదుపు తగ్గితే అడ్డ కుదుపు పెరుగుతుంది. రాజీ పడడం తప్ప దారి లేదు, లేదంటే బ్యాలెన్సర్ షాఫ్ట్ అదనంగా పెట్టుకోవాలి.

కౌంటర్ వెయిట్ బరువు చాలకపోతే? అందులో రంధ్రం చేసి టంగ్‌స్టన్ మిశ్రమ లోహపు దిమ్మను దిగ్గొడతారు. ఉక్కు ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములైతే ఈ లోహం సుమారు 17 గ్రాములు. 25 మిల్లీమీటర్ల వ్యాసం, అంతే పొడవు ఉన్న ముక్క ఒకటి పెడితే 110 గ్రాములకు పైగా బరువు చేరుతుంది. ఇది ఖరీదైన వైద్యం. తేలిక పిస్టన్లు కొంటే ఈ అవసరమే తక్కువ పడుతుంది.

గ్రాములతో తీరని వణుకు

అన్నీ సరితూచినా ఆగని వణుకు ఒకటుంది. దాని మూలం రాడ్ వాలులో ఉంది. పిస్టన్ మొత్తం నడక 86 మిల్లీమీటర్లు, రాడ్ పొడవు 143 మిల్లీమీటర్లు అనుకుందాం. క్రాంక్ పైనుంచి పావు చుట్టు తిరిగేసరికి పిస్టన్ 43 మిల్లీమీటర్లు దిగి ఉండాలని అనిపిస్తుంది. నిజానికి 49.6 మిల్లీమీటర్లు దిగిపోతుంది. మిగతా పావు చుట్టులో నడిచేది 36.4 మాత్రమే. పై సగంలో పిస్టన్ పరుగెత్తుతుంది, కింది సగంలో నింపాదిగా నడుస్తుంది. ఈ తేడా వల్ల క్రాంక్ ఒక్క చుట్టుకు రెండు కుదుపులు పుడతాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో నాలుగు పిస్టన్ల కుదుపులూ ఒకే దిక్కుకు కలిసొస్తాయి. ఏ త్రాసూ వాటిని తీసేయలేదు.

దీనికి మందు కనిపెట్టింది బ్రిటన్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్. క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో ఒకదానికొకటి ఎదురు తిరిగే రెండు బరువు షాఫ్టులు పెట్టి ఆ కుదుపును చెరిపేశాడు. వందేళ్ళ కిందటి ఆ ఊహను 1970లలో మిత్సుబిషి మెరుగుపరిచింది. 944 మోడల్ కోసం పోర్షే అంతటి సంస్థ మిత్సుబిషికి లైసెన్సు రుసుము కట్టి మరీ దాన్ని వాడుకుంది.

వీ8లో ఇదే కుదుపును పోగొట్టడానికి 1923లో కాడిలాక్ పిన్నులను నాలుగు దిక్కులకు తిప్పింది. అంతకు ముందు వీ8 క్రాంకులన్నీ చదునుగా, అటు రెండు ఇటు రెండు పిన్నులతో ఉండేవి. విచిత్రమేమిటంటే చాలా రేసు ఇంజన్లు ఆ పాత చదును క్రాంక్‌నే పట్టుకున్నాయి. దానికి భారీ కౌంటర్ వెయిట్లు అక్కర్లేదు, పొగగొట్టాల్లో వాయువు వరస చక్కగా కుదురుతుంది, వేగం త్వరగా అందుకుంటుంది. బదులుగా ఇంజన్ ఎడమకూ కుడికీ వణుకుతుంది. ఆ వణుకును భరించి చరిత్ర సృష్టించింది కాస్‌వర్త్ డీఎఫ్‌వీ. 1967లో జాండ్‌వోర్ట్‌లో తొలి రేసులోనే జిమ్ క్లార్క్‌ను గెలిపించి, మొత్తం 155 ఫార్ములా వన్ విజయాలు మూటగట్టుకుంది. రెండు గంటల రేసుకు పనికొచ్చిన ఆ ఇంజన్ 24 గంటల లీ మాన్స్‌కు వచ్చేసరికి, దాని వణుకే అసలు ప్రత్యర్థి అయింది. బ్రాకెట్లూ పైపులూ విరిగేవి. అయినా వేగం తగ్గించి నడిపి 1975లో మిరాజ్, 1980లో రొండో కార్లు దానితోనే అక్కడా గెలిచాయి. ఏ గ్రేడూ లేని ఓపికకు దక్కిన గెలుపులవి. ఈనాటి షెవర్లే కార్వెట్ జడ్06లో ఉన్నది ఆ కోవకు చెందిన చదును క్రాంకే. 5.5 లీటర్లు, 8,600 చుట్లు, 670 హార్స్ పవర్.

ఇక పన్నెండు సిలిండర్ల వీ12లో బలాలన్నీ తమలో తామే రద్దయిపోతాయి. దాని క్రాంక్‌కు బాబ్ వెయిట్లు అవసరమే లేదు. అలాంటి పొడుగాటి క్రాంక్‌కు మెలితిరిగే గుణం మాత్రం ఎక్కువ. అందుకే పోర్షే 917లో పన్నెండు సిలిండర్ల క్రాంక్ నుంచి శక్తిని కొసన తీసుకోకుండా నట్టనడుమ గేరు పెట్టి తీసుకున్నారు. ఆ కారు 1970, 1971లలో లీ మాన్స్ గెలిచింది. ఆస్టన్ మార్టిన్ వాల్కరీ కోసం కాస్‌వర్త్ చేసిన 6.5 లీటర్ల వీ12 క్రాంక్ కథ ఇంకా ముచ్చటైనది. 170 మిల్లీమీటర్ల వ్యాసం, 775 మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు కడ్డీతో మొదలుపెడతారు. చెక్కి, వేడి చేసి, మళ్ళీ చెక్కి, మళ్ళీ వేడి చేసి, గ్రైండింగ్ చేసి, మెరుగుపెట్టేసరికి ఆరు నెలలు గడుస్తాయి. కడ్డీలో 80 శాతం పొట్టుగా రాలిపోతుంది. మిగిలిన అయిదో వంతే 11,100 చుట్లు తిరిగే క్రాంక్.

పిస్టన్ లేనివాళ్ళు

1991లో లీ మాన్స్ గెలిచిన మాజ్డా 787బీలో అసలు పిస్టన్లే లేవు. నాలుగు రోటర్ల ఇంజన్ అది. పైకీ కిందికీ ఆడే భాగం లేకపోవడంతో, సగం లెక్కలూ రాజీలూ లేకుండా అంతా ఎదురు బరువులతో సరిచేయొచ్చు. రోటరీ ఇంజన్‌తో ఆ రేసు గెలిచిన కారు అదొక్కటే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రేసులో కార్లు కూతపెడుతూ దూసుకుపోయాయి గానీ గర్జించలేదు. ఎలక్ట్రిక్ మోటారులో తిరిగేది రోటర్ ఒక్కటే. దాన్ని ఒకసారి సరిగ్గా బ్యాలెన్స్ చేస్తే చాలు, రాడ్ వాలు బాధ లేదు.

అన్నింటికన్నా నాజూకు పని టర్బోచార్జర్లది. 2014లో వచ్చిన నిబంధనలు ఫార్ములా వన్ కార్లలో టర్బో షాఫ్ట్‌ను నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరగనిచ్చాయి. అంత వేగంలో, 20 మిల్లీమీటర్ల దూరాన గ్రాములో నూరో వంతు తేడా ఉంటే మూడున్నర కిలోల లాగుడు పుడుతుంది. అక్కడ గ్రాముల మాటే ఎత్తరు, మిల్లీగ్రాములే.

దీనికి పూర్తిగా అవతలి కొసన అమెరికా టాప్ ఫ్యూయల్ డ్రాగ్ కార్లున్నాయి. వెయ్యి అడుగుల పరుగు నాలుగు సెకన్ల లోపే ముగుస్తుంది. 8,000 ఆర్‌పీఎం లెక్కన చూసినా ఆ పరుగులో క్రాంక్ తిరిగేది అయిదారు వందల చుట్లు. పదివేల హార్స్ పవర్ దాటిన పేలుళ్ళు క్రాంక్‌ను వంచేస్తుంటే అక్కడ అర గ్రాము తేడా ఎవరికీ గుర్తుకు కూడా రాదు.

నూనె చెప్పే నిజం

పదో వంతు గ్రాము దాకా బ్యాలెన్స్ చేస్తామని బోర్డు పెట్టే షాపులున్నాయి. వాళ్ళ శ్రద్ధను నేను గౌరవిస్తాను. అయితే బ్యాలెన్సింగ్ యంత్రం మీద క్రాంక్ తిరిగేది నిమిషానికి కొన్ని వందల చుట్లే. ఇంజన్‌లో 9,000 చుట్ల దగ్గర అదే క్రాంక్ వంగుతుంది, మెలితిరుగుతుంది. ఆ వంపు యంత్రానికి కనబడదు. పైగా క్రాంక్ లోపలి నూనె దారులు యంత్రం మీద ఖాళీగా ఉంటాయి, ఇంజన్‌లో నిండుగా ఉంటాయి. బయట అంటుకుని తిరిగే నూనె సంగతి సరేసరి. అందుకే అనుభవజ్ఞులు బాబ్ వెయిట్‌లో నూనె కోసం కొన్ని గ్రాములు అంచనాగా కలుపుతారు. అంచనాలోనే గ్రాములు ఉన్నప్పుడు పదో వంతుకు విలువెంత?

ఒక సిలిండర్‌కూ మరో సిలిండర్‌కూ మధ్య తేడా మాత్రం వేరే విషయం. పిస్టన్లన్నీ రెండేసి గ్రాములు బరువైతే ఇంజన్ పెద్దగా పట్టించుకోదు. ఒక్కటి రెండు గ్రాములు బరువైతే దాన్ని సరిచేసే ఎదురు బరువు ఎక్కడా ఉండదు. కాబట్టి పిస్టన్లనూ రాడ్లనూ ఒకదానితో ఒకటి సరితూచడానికి పెట్టే గంటలు వృథా కావు. నా తీర్పు ఇది: 9,000 లోపు తిరిగే ఇంజన్‌కు అర గ్రాము చాలు. ఆ పైన వేగం పెరిగేకొద్దీ గీత బిగించాలి. మిల్లీగ్రాములను టర్బోకు వదిలేయాలి.

ట్రాక్ బైకుకో, ర్యాలీ కారుకో ఇంజన్ కట్టించుకునేవాళ్ళు పని ముగిశాక షాపు నుంచి బ్యాలెన్స్ షీట్ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అందులో ప్రతి పిస్టన్ బరువు, ప్రతి రాడ్ రెండు కొసల తూకాలు, బాబ్ వెయిట్ లెక్క, మిగిలిన తేడా ఎన్ని గ్రాములు, మధ్య గీత నుంచి ఎంత దూరంలో అన్నది ఉండాలి. ఇంజన్ గరిష్ఠ వేగం ఎంతో మీరే ముందుగా వాళ్ళకు చెప్పండి. దూరం, వేగం రాయకుండా గ్రాముల అంకె ఒక్కటే ఇస్తే ఆ కాగితం పనికిరాదు.